రైట్‌రైట్ గారికి పడ్డ ఫైను

గురువారం సాయంత్రం సేవా సంఘం సమావేశానికి వచ్చే ప్రతి సభ్యుడూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి ఒళ్ళంతా తడుముకుంటాడు. ఫోను నోరు నొక్కానా, చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టుకున్నానా, బ్యాడ్జీ తగిలించుకున్నానా, జేబులో చిల్లర ఉందా. వీటిలో ఏది తప్పినా లోపల రైట్‌రైట్ గారు ఉన్నారు. ఏదీ తప్పకపోయినా ఉన్నారు. ఒకసారి సంఘం అధ్యక్షుడైన మందుల షాపాయన అన్నీ సరిచూసుకుని, తల కూడా దువ్వుకుని వస్తే, ఇంత పద్ధతిగా వచ్చి తోటివాళ్ళని చిన్నబుచ్చినందుకు ఫైను కట్టించుకున్నారు.

రైట్‌రైట్ గారి అసలు పేరు సంఘంలో సగం మందికి తెలియదు, తెలిసినవాళ్ళకి గుర్తు లేదు. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఆయన 'రైట్ రైట్' అని ఒక్క కేక వేస్తే తన బస్సే కాదు, పక్క రోడ్డులో ఆగిన బళ్ళు కూడా కదిలేవని డిపోలో చెప్పుకునేవారు. రిటైరైన రోజున డిపో వాళ్ళు గోడ గడియారం ఇవ్వబోతే, ఇక టైముతో నాకు పనేముంది, నా తోలు సంచీ నాకిచ్చేయండి చాలు అన్నారు. ఆ సంచీయే ఇప్పుడు సంఘం ఫైన్ల సంచీ. గురువారం గురువారం అది మెళ్ళో వేసుకుని ఆయన కుర్చీల వరసల మధ్య నడుస్తుంటే, ఊళ్ళో పేరున్న పెద్దమనుషులంతా టిక్కెట్టు తీసుకోని ప్రయాణికుల్లా నేలచూపులు చూస్తారు.

ఫైన్లకి రెండే సూత్రాలు. కారణం అడక్కూడదు, అడిగితే రెట్టింపు. ఫైను వేసేవాడికి ఫైను వేసే హక్కు ఎవరికీ లేదు. ఈ రెండో సూత్రం ఎవరు పెట్టారని కొత్త సభ్యులు అడిగితే అందరూ రైట్‌రైట్ గారి వంక చూస్తారు. ఆయన మాత్రం కిటికీ వంక చూస్తారు.

నవ్వులాటగా పోగైన ఆ డబ్బంతా హాలు వెనక పెరట్లో ఉన్న రేకుల షెడ్డుకి పోతుంది. చంకకర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, మడత మంచాలు, ఇవన్నీ ఆ షెడ్డులో ఉంటాయి. ఊళ్ళో ఎవరికి కాలు విరిగినా, ఎవరు మంచాన పడ్డా, వాళ్ళ తాలూకు మనిషి వచ్చి అడిగితే చాలు. అద్దె లేదు, హామీ లేదు. అవసరం తీరాక తెచ్చి ఇచ్చేయాలి, అంతే.

ఆ తెచ్చి ఇవ్వడంలోనే ఉంది సంఘం వాళ్ళ అసలు సంబరమంతా. దాన్ని మొదలెట్టింది కూడా రైట్‌రైట్ గారే. ఆయన బస్సు నడిపే డ్రైవరుకి ఒకప్పుడు కాలు విరిగింది. కర్రల కోసం వెళ్ళిన రైట్‌రైట్ గారు కర్రలతో పాటు సభ్యత్వం కూడా పుచ్చుకుని వచ్చారు. కాలు అతుక్కున్నాక డ్రైవరు ఆ కర్రల్ని షెడ్డులో పడేసి పోకుండా, నేరుగా సమావేశంలోకే వచ్చాడు. గుమ్మం దగ్గర కర్రల్ని భుజాన పెట్టుకుని, అధ్యక్షుడి బల్ల దాకా తన కాళ్ళ మీద నడిచి వచ్చి, బల్ల మీద పెట్టాడు. రైట్‌రైట్ గారు ఆనందం పట్టలేక 'రైట్ రైట్' అని కేక పెట్టారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అప్పట్నించీ అదే ఆనవాయితీ అయి కూర్చుంది. బాగుపడ్డవాళ్ళు గురువారం నాడు రావాలి, గుమ్మం నుంచి బల్ల దాకా నడవాలి, తెచ్చింది అప్పగించాలి, చప్పట్లు పట్టుకుపోవాలి. టీ, బిస్కెట్లు అదనం.

బాగుపడనివాళ్ళ సంగతి వేరు. వాళ్ళ వస్తువులు ఎప్పటికో ఇంటివాళ్ళ చేత పెరటి దోవన షెడ్డుకి చేరేవి. రైట్‌రైట్ గారు అవి ఒద్దికగా అందుకుని, తుడిచి, నూనె పెట్టి, చప్పుడు చేయకుండా లోపల సర్దేవారు. తెచ్చినవాళ్ళ భుజం మీద ఒక చెయ్యి వేసేవారు. మంచి మనిషే. ఆ మాటకొస్తే సంఘంలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అందరూ కాస్త హడావుడి మనుషులు, అంతే.

ఇలా ఉండగా షెడ్డులో ఉన్న వాటిలోకెల్లా మంచి చక్రాల కుర్చీ ఒకరోజు రైట్‌రైట్ గారి ఇంటికే వెళ్ళింది.

ఆయన భార్య టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసింది. ఊళ్ళో ఇప్పటికీ ఆపరేటరమ్మే. వాళ్ళిద్దరి పరిచయం కూడా బస్సులోనే. రోజూ సరిగ్గా సరిపడా చిల్లర ఇచ్చి టిక్కెట్టు తీసుకునే అమ్మాయి ఒకరోజు పెద్ద నోటు ఇచ్చి, 'చిల్లర లేకపోతే రేపివ్వండి, మర్చిపోతే ఎల్లుండివ్వండి, నేను రోజూ వస్తాను' అంది. అప్పుడు సంచీ నిండా చిల్లర పెట్టుకుని కూడా లేదని చెప్పారు రైట్‌రైట్ గారు. ఈ కథ ఆయన సంఘంలో కనీసం వందసార్లు చెప్పి ఉంటారు. వేరెవరైనా చెప్పిందే చెబితే మాత్రం ఫైను.

ఒక ఉదయం కాఫీ గ్లాసు పట్టుకోబోయి ఆపరేటరమ్మ ఎడమ చెయ్యి మాట వినలేదు. తర్వాత ఎడమ కాలూ వినలేదు. పక్షవాతమన్నారు. మాట మాత్రం పడిపోలేదు. మీ అదృష్టం అని డాక్టరు రైట్‌రైట్ గారితో అంటే, మంచం మీంచి ఆవిడ, "ఎవరి అదృష్టమో ఇంటికెళ్ళాక ఆయనకి తెలుస్తుంది లెండి" అంది. డాక్టరు నవ్వాడు. రైట్‌రైట్ గారు నవ్వబోయి, వరండాలోకి వెళ్ళి ముక్కు చీదుకుని వచ్చారు.

ఆ రోజే ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశారు. సంఘం వార్షికోత్సవం నాటికి ఆవిడ నడవాలి. గుమ్మం నుంచి బల్ల దాకా నడిచి వచ్చి, కుర్చీ అప్పగించాలి. ఎప్పుడూ వేసే కేకలు ఒక ఎత్తు, ఆ రోజు తను వేసే కేక ఒక ఎత్తు. ఇది మనసులో ఉంచుకున్నా బాగుండేది. తర్వాతి గురువారమే సభలో చెప్పేశారు. అందరూ బల్లలు చరిచారు. మందుల షాపాయన ఆ అంశాన్ని వార్షికోత్సవం కార్యక్రమంలో చేర్పించాడు కూడా. ఈ సంగతి తెలియనిది ఒక్క ఆపరేటరమ్మకే.

వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఇంటికి వచ్చేది. నెలలు గడిచాక ఒకరోజు గేటు దగ్గర నిలబడి, "అమ్మగారు ఇంట్లో గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తారండీ. అంతకు మించి ఆశ పెట్టుకోకండి. బయటికంటే మాత్రం కుర్చీయే. మీరు కూడా దానికి అలవాటు పడాలి" అంది.

"నీకు తెలీదమ్మా," అన్నారు రైట్‌రైట్ గారు. "మా హాల్లోకి నడవకుండా వచ్చినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరు కూడా లేరు."

ఆ మాటలో ఎంత నిజం ఉందో అప్పటికి ఆయనకే తెలియదు.

పొద్దున్నే నడవాలో సాధన. ఆవిడ కుడి చేత్తో గోడ పట్టుకుంటే ఆయన వెనక్కి నడుస్తూ, ఆవిడ పాదాల మీదే చూపు పెట్టి, స్టాపులు పిలిచేవారు. "వంటిల్లు దిగేవాళ్ళు రండి. తర్వాత స్టాపు బీరువా." మొదట్లో ఆవిడ నవ్వేది. "బీరువా దగ్గర ఆపమాకండి, అక్కడ దిగేవాళ్ళు ఎవరూ లేరు" అనేది. నెలలు గడిచేకొద్దీ నవ్వు తగ్గింది. స్టాపులు మాత్రం పెరుగుతూ పోయాయి. ఒకనాడు ఆవిడ నడవా మధ్యలో ఆగి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇవాళ్టికి బస్సు లేదు" అంది. ఆయన ఆవిడ కాలి మడమకి నూనె రాస్తూ, రేపు వేద్దాంలే అన్నారు.

బయటి గాలి తగిలితే ఉత్సాహం వస్తుందని తోచి, ఒక గురువారం ఆవిణ్ణి కుర్చీలో సమావేశానికి బయల్దేరదీశారు. ఆవిడ ఎనిమిది నెలల తర్వాత గడప దాటడం అదే. బీరువాలోంచి మంచి బట్టలు తీయించుకుంది, పక్కింటి వదినగారి చేత తల దువ్వించుకుంది. దారి పొడుగునా అందర్నీ పలకరించింది. కూరగాయలమ్మే ఆవిడ వెనక్కి తిరిగి ఉండి బేరమాడుతుంటే గొంతుని బట్టే గుర్తుపట్టి, "జలుబు తగ్గినట్టుందే" అంది. రైట్‌రైట్ గారు ఛాతీ విరుచుకుని కుర్చీ తోస్తున్నారు. హాలు ముందుకొచ్చి ఆగారు.

ఆ భవనం ఒకప్పుడు బ్యాంకు. బ్యాంకులంటే కాస్త ఎత్తులో ఉంటేనే జనానికి గురి కుదురుతుందని కట్టినవాళ్ళ ఉద్దేశం కాబోలు, వీధిలోంచి గుమ్మానికి నాలుగు రాతి మెట్లు. రైట్‌రైట్ గారు ఇరవై ఏళ్ళుగా ఆ మెట్లు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. వాటిని చూడ్డం మాత్రం అదే మొదటిసారి.

లోపల్నించి సభ్యులు బిలబిలమంటూ వచ్చారు. అంతా అభిమానమే. "తలో చెయ్యీ వేద్దాం" అన్నాడు ఫొటో స్టూడియో ఆయన. "ఒకరి సాయం కూడా అక్కర్లేదు, నేనొక్కణ్ణీ ఎత్తేస్తాను. సిమెంటు బస్తాలెత్తిన చేతులివి" అన్నాడు తాపీమేస్త్రీ.

"నేను బస్తాని కాదు నాయనా," అంది ఆపరేటరమ్మ నెమ్మదిగా. తర్వాత మెట్ల వంక చూసి, "ఇవి ఎప్పట్నించి ఉన్నాయి?" అని అడిగింది.

"మొదట్నించీ ఉన్నాయమ్మా," అన్నాడు మందుల షాపాయన.

"చక్రాల కుర్చీలు ఎప్పట్నించి ఇస్తున్నారు?"

"అవీ మొదట్నించీ ఇస్తున్నాం."

అన్నాక ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆపరేటరమ్మ నవ్వింది. మామూలుగానే నవ్వింది. అయినా మెట్ల మీదున్న వాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నక్కారు. రైట్‌రైట్ గారు ఆ నాలుగు మెట్లనీ మరోసారి లెక్కపెట్టుకున్నారు.

"ఇంటికి పోదాం పదండి," అంది ఆవిడ.

దారిలో ఎవర్నీ పలకరించలేదు. ఇంటికొచ్చాక బట్టలు మార్చుకోకుండా కిటికీ దగ్గర కూర్చుంది. వార్షికోత్సవంలో తన నడక సంగతి మెట్ల మీద ఎవరో నోరు జారినట్టున్నారు, ఆవిడ చెవికి ఏదీ తప్పిపోదు.

"నేను నడుస్తానని అందరికీ చెప్పారట."

"ఊరికే, ఉత్సాహం కోసం..."

"నేను నడవను. నడవలేను. ఫిజియో అమ్మాయి నాకెప్పుడో చెప్పింది. నడిస్తేనే మీ హాల్లోకి రానిస్తారంటే, నాకా హాలు వద్దు."

రైట్‌రైట్ గారు వాకిట్లోకి వచ్చి కూర్చున్నారు. తను చేత్తో అందించిన చక్రాల కుర్చీలు ఒక్కొక్కటీ కళ్ళ ముందుకొచ్చాయి. లెక్కలు చెప్పే ట్యూషను మేస్టారికి ఒకటి. టీ కొట్టతని తల్లికి ఒకటి. లారీ కింద కాళ్ళు పోయిన కుర్రాడికి ఒకటి. ఆ కుర్రాడిప్పుడు కుర్రాడు కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. వీళ్ళలో ఒక్కరైనా సమావేశానికి వచ్చిన గుర్తు లేదు. మొహమాటపడుతున్నారు కాబోలని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నారు. వచ్చి మెట్ల దగ్గర్నించి వెనక్కి పోయారేమో కూడా తెలియదు. నడిచినవాళ్ళకి చప్పట్లు కొట్టీ కొట్టీ చేతులు ఎర్రబడ్డాయి గానీ, నడవనివాళ్ళు ఎక్కడున్నారని ఒక్కనాడు తల తిప్పి చూడలేదు. ఆయనకి సిగ్గేసింది. దాచుకునే సిగ్గు కూడా కాదు, ఊరంతా చూసిన సిగ్గు.

తర్వాతి గురువారం సమావేశంలో ముఖ్యాంశం హాలు నెత్తిన పెట్టబోయే దీపాల బోర్డు. అది మందుల షాపాయన కల. రంగురంగుల అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ సంఘం పేరు పూర్తవుతుంది, చివర్న ఒక గుండె బొమ్మ కొట్టుకుంటుంది. నమూనా కాగితం కూడా తెచ్చాడు. ఆయన గొంతు సవరించుకుంటూ ఉండగా రైట్‌రైట్ గారు సంచీ మెళ్ళో వేసుకుని లేచారు.

"ఇవాళ అందరికీ ఫైను," అన్నారు. "కారణం మీరు అడక్కండి, నేనే చెబుతాను. మెట్లెక్కి లోపలికి వచ్చినందుకు."

"మెట్లెక్కకుండా ఎగిరి రావాలా?" అన్నాడు మందుల షాపాయన.

"మీకు రెట్టింపు."

హాలు ఘొల్లుమంది. నవ్వులు సద్దుమణిగాక రైట్‌రైట్ గారు వాకిట్లో కూర్చుని అనుకున్నదంతా చెప్పారు. ఆయనకి కేకలు వేయడమే గానీ ఉపన్యాసం రాదు. నాలుగు ముక్కల్లో ముగించేశారు. ఫొటో స్టూడియో ఆయన బ్యాడ్జీని అటూ ఇటూ తిప్పుకుంటున్నాడు.

చివరికి మేస్త్రీ అన్నాడు, "బోర్డు చూసి ఎవరైనా వచ్చారనుకోండి ప్రెసిడెంటు గారూ, లోపలికి ఎలా వస్తారు?"

మందుల షాపాయన నమూనా కాగితాన్ని చాలాసేపు చూసుకున్నాడు. గుండె బొమ్మని వేలితో ఒకసారి తడిమి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే, ముందు వాలుబాట కట్టండి," అన్నాడు. "బోర్డు సంగతి మాత్రం నేను మర్చిపోను."

వాలుబాటకి ఫైన్ల డబ్బు ఏ మూలకీ రాదు. అందుకని ఆదివారం పెట్రోలు బంకు పక్క ఖాళీ స్థలంలో సభ్యులంతా బళ్ళు కడగాలని తీర్మానించారు. ఇంట్లో తను తిన్న కంచం కడగనివాళ్ళు కూడా చేతులెత్తారు. ఎవరి బండి ఎన్నింటికి తేవాలో ఫోను మీద చెప్పే మనిషి ఒకరు కావాలి. రైట్‌రైట్ గారు ఇంటికొచ్చి, అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతారని గోడకి చెబుతున్నట్టు అన్నారు.

"ఆ ఫోను ఇటు తెండి," అంది ఆపరేటరమ్మ.

మర్నాటి నుంచి ఆ ఇల్లు మళ్ళీ ఎక్స్చేంజి అయిపోయింది. "నమస్కారం, సేవా సంఘం. మీది కారా, స్కూటరా? ... రెండూనా, రెండు తరాల బురద ఉన్నట్టుందే, పొద్దున్నే తెండి." ఆ గొంతు వినడానికే రెండోసారి ఫోను చేసినవాళ్ళు ఉన్నారు. పాత ఎక్స్చేంజి రోజుల్లో తమ పెళ్ళి కబురు ఆ గొంతు మీదుగానే వెళ్ళిందని ఒక ముసలాయన ఫోన్లోనే కంటతడి పెట్టుకున్నాడు. మధ్యలో ఖాళీ దొరికితే ఆవిడ ఇంకో పని చేసింది. చక్రాల కుర్చీలు తీసుకున్న వాళ్ళందరికీ తనే ఫోను చేసి, వార్షికోత్సవానికి రమ్మంది. రాత్రి భోజనాల దగ్గర రైట్‌రైట్ గారికి చెప్పింది, "అందరూ ఒకటే మాట. మెట్లున్నాయి కదమ్మా, అని. ఊళ్ళో వాళ్ళందరికీ తెలుసు. తెలియంది మీ సంఘానికే."

బళ్ళు కడిగే ఆదివారం గురించి ఊరు ఇంకా చెప్పుకుంటూనే ఉంది. మందుల షాపాయన అందరికంటే ముందు తన కారే కడుక్కుని ఫైను కట్టాడు. ఫొటో స్టూడియో ఆయన కడిగింది తక్కువ, తీసిన ఫొటోలు ఎక్కువ, ఆయనా కట్టాడు. మేస్త్రీ ఒక స్కూటరుని ఎంత తోమాడంటే, దాని యజమాని వచ్చి ఇది నాది కాదని వెళ్ళిపోబోయాడు. మధ్యాహ్నానికి డిపో నుంచి ఒక బస్సు వచ్చి ఆగింది. దిగింది పాత డ్రైవరు, ఒకప్పుడు కర్రలు భుజాన పెట్టుకుని నడిచొచ్చినవాడు. "మన బండే, గుర్తుపట్టావా?" అన్నాడు. రైట్‌రైట్ గారు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఫుట్‌బోర్డు దగ్గర తను నిలబడి నిలబడి అరిగిన రేకుని ఒక్కరే చాలాసేపు కడిగారు.

వాలుబాట మేస్త్రీయే కట్టాడు, కూలి తీసుకోకుండా. ఉత్సాహం కొద్దీ నాలుగు మెట్ల ఎత్తుకి నాలుగు మూరల్లో తేల్చేశాడు. దాని వాలకం చూస్తే పార్కులో పిల్లల జారుడుబల్లకి అన్నలా ఉంది. పరీక్షించాలంటే ఒకరు కుర్చీలో కూర్చోవాలి. అధ్యక్షుడి హోదాలో మందుల షాపాయన కూర్చున్నాడు. పైకి తోయడానికి ముగ్గురు కావలసి వచ్చింది. కిందికి మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. ఆయన వెళ్ళి పూలకుండీల మధ్య ఆగి, కళ్ళద్దాలు సరిచేసుకుని, "ఎక్కువ వాలుగా ఉన్నట్టుంది" అన్నాడు. ఫిజియో అమ్మాయిని పిలిపిస్తే, అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలని చెప్పింది. మేస్త్రీ తల పట్టుకున్నాడు, కట్టింది పగలగొట్టి మళ్ళీ మొదటికొచ్చాడు. అంత పొడవు తిన్నగా పట్టదు కాబట్టి గోడ వెంబడి ఒకసారి వంపు తిరిగి రావాలి. సరిగ్గా ఆ వంపు మందుల షాపాయన రోజూ కారు నిలిపే చోటే పడింది. ఆయన నోరు తెరిచి, రెట్టింపు గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఆ వారాలన్నీ రైట్‌రైట్ గారు కాలు గాలిన పిల్లిలా హాలుకీ ఇసుక కుప్పకీ మధ్యే తిరిగారు. పొద్దుటి బస్సు ఆగిపోయింది. మధ్యాహ్నాలు ఫిజియో అమ్మాయి వచ్చి తలుపు దగ్గరగా వేసి ఏం చేయిస్తోందో ఆయనకి తెలియదు. నడవా గోడల మీద కొత్తగా గీతలు పడుతున్నాయి, అవి మాత్రం చూశారు. ఎలకలనుకున్నారు.

వార్షికోత్సవం నాడు సాయంత్రానికే హాలు నిండింది. మొదటిసారిగా కుర్చీల వరసల్లో మధ్య మధ్య ఖాళీలు వదిలారు. ట్యూషను మేస్టారు వచ్చారు, హాల్లో అడుగుపెట్టగానే వరసలు వంకరగా ఉన్నాయని చెప్పారు. టీ కొట్టతని తల్లి వచ్చింది, సంఘం టీ తాగి, మా వాడి దగ్గర తెప్పించుకోకూడదా అంది. లారీ ప్రమాదంలో కాళ్ళు పోయినతను ఇద్దరు పిల్లల్నీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాలుబాట మీద రెండుసార్లు ఎక్కి దిగాడు. పిల్లలు మూడోసారి కూడా అడిగారు.

రైట్‌రైట్ గారు సంచీ మెళ్ళో వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆపరేటరమ్మ కుర్చీ పైకి వచ్చి గుమ్మం దగ్గర ఆగింది, వెనక ఫిజియో అమ్మాయి. ఆయన ముందుకు వంగి కుర్చీ పిడి పట్టుకోబోయారు.

"చెయ్యి తియ్యండి," అంది ఆవిడ.

ఆయన తీశారు. ఆవిడ కుడి చేత్తో చక్రం తోసింది, కుడి పాదంతో నేలని వెనక్కి నెట్టింది. కుర్చీ కాస్త ఎడమకి పోయింది. పాదంతో సరిచేసుకుంది. మళ్ళీ తోసింది. నడవా గోడల మీది గీతలు ఏ ఎలకలవో రైట్‌రైట్ గారికి అప్పుడర్థమైంది. గుమ్మం నుంచి బల్ల దాకా, ఇన్నేళ్ళూ అందరూ నడిచిన ఆ దారినే, ఆవిడ కాస్త వంకరటింకరగా, ఎవరి సాయం లేకుండా వెళ్ళింది. చప్పట్లు కొట్టాలో వద్దో హాల్లో ఎవరికీ తెలియలేదు. వస్తువు అప్పగించాకే కొట్టడం అలవాటు. ఈవిడేమో అప్పగించేలా లేదు.

బల్ల దగ్గర కుర్చీ తిప్పుకుని, "ఏమండీ, ఆ సంచీ ఒకసారి ఇటివ్వండి" అంది. ఎందుకో తెలియకపోయినా ఆయన తీసి ఇచ్చారు. ఆవిడ దాన్ని మెళ్ళో వేసుకుంది.

"ఫైను," అంది.

"ఎవరికి?"

"మీకు."

రైట్‌రైట్ గారు నవ్వారు. "ఫైను వేసేవాడికి ఫైను వేసే హక్కు ఎవరికీ లేదు. అది సూత్రం."

"వేసేవాళ్ళెవరో చూడండి. సంచీ ఎవరి మెళ్ళో ఉంది?"

హాలు మళ్ళీ ఘొల్లుమంది. మందుల షాపాయన అయితే ఇన్నేళ్ళ ఫైన్ల కసీ తీరేలా బల్ల మీద గుద్దుతున్నాడు. ఆ హడావుడిలో రైట్‌రైట్ గారు ఇన్నేళ్ళుగా ఊరందరికీ నేర్పిన సూత్రం తనే మర్చిపోయారు.

"ఎందుకూ?" అన్నారు.

"రెట్టింపు" అని హాలంతా ఏకకంఠంతో అంది.

చిల్లర కోసం జేబు తడుముకుంటూ ఆయన సంచీ మీదకి వంగారు. అప్పుడు ఆవిడ ఆయనకి మాత్రమే వినబడేలా, నవ్వు లేకుండా చెప్పింది.

"ఎనిమిది నెలలు నా కాళ్ళ వంకే చూశారు. ఒక్కసారి మొహం వంక చూసుంటే, ఇలా కూడా రాగలనని ఎప్పుడో చెప్పేదాన్ని."

రైట్‌రైట్ గారు తలెత్తి చూశారు. చెంపల దగ్గర జుట్టు ఇంకాస్త నెరిసింది. పెదవి ఎడమ కొస కాస్త కిందికి వాలి ఉంది, అది అలా ఉందని ఆయనకి ఇంతవరకూ తెలియదు. కళ్ళు మాత్రం పెద్ద నోటు ఇచ్చి చిల్లర రేపివ్వమన్న అమ్మాయివే. అవి ఇన్నాళ్ళూ తన ఎదురుగానే ఉన్నాయి, నడవా పొడుగునా, రోజూ పొద్దున్నే. ఆయనకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. జేబులో ఉన్నదంతా తీసి సంచీలో వేశారు. రెట్టింపు అయిందో లేదో ఎవరూ చూడలేదు.

"రైట్ రైట్," అంది ఆపరేటరమ్మ, ఎక్స్చేంజి గొంతుతో, ఆఖరి వరస దాకా వినబడేలా.

అప్పుడు మోగాయి చప్పట్లు. సంచీ ఆవిడ మెళ్ళోనే ఉంది, ఇక మీదట కూడా అక్కడే ఉంటుందని అప్పటికే అందరికీ అర్థమైపోయింది. ఫోను మోగిన ఫొటో స్టూడియో ఆయన వైపు ఆవిడ కుర్చీ తిప్పింది. రైట్‌రైట్ గారు కళ్ళు తుడుచుకుని, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఆవిడ మొహం చూస్తూ పక్కన నడిచారు.